వార్తల్లో పదం: సంక్ కాస్ట్ ఫాలసీ

‘అయిదేళ్లు చదివాను, ఇప్పుడెలా మానేస్తా?’ హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని సర్కారు కొలువుల కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల ఈ మాట కొత్తేమీ కాదు. ఎలాగూ తిరిగిరాని డబ్బునూ కాలాన్నీ చూసుకుని ముందడుగు నిర్ణయించుకోవడమే సంక్ కాస్ట్ ఫాలసీ.

1985లో ప్రచురించిన అధ్యయనం కోసం ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు అమెరికాలో నాటకాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గించి అమ్మించారు. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అవే, తేడా జేబుకు పడిన చిల్లులోనే! బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కట్టిన కాంకార్డ్ విమానాన్నీ, అప్పటికే పెట్టిన ఖర్చు చూసి ఆపలేకపోయారంటూ, దీనికి ఉదాహరణగా చెబుతారు. రెండు దేశాల ఒప్పందం నుంచి ఏకపక్షంగా తప్పుకోవడం కష్టమవడమూ అక్కడ ఒక కారణమే, దాన్ని మాత్రం ఎవరూ అంతగా ప్రస్తావించరు.

మళ్లీ అశోక్‌నగర్ సంగతికొస్తే, తెలంగాణలో 2022 నాటి గ్రూప్-1 ఉద్యోగాల ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. 2024లో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, గరిష్ఠ వయసు 46కు పెరిగింది. అంటే ఎదురుచూపులకు గడువూ పెరిగింది.

అలాగని మానేయడమే తెలివనుకోవద్దు. చదివిన చదువు ఈసారి గెలిచే అవకాశాన్ని నిజంగా పెంచుతుంటే అది లెక్కలోకి రావాల్సిందే. కట్టిన ఫీజు, గదికి పోసిన అద్దె మాత్రం రాకూడదు. ఇప్పుడున్న వయసు, చదువు, చేతిలోని డబ్బుతో ఈ రోజే కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే ఈ దారే ఎంచుకుంటారా అన్నది అసలు ప్రశ్న. జవాబు మీకంటే ముందు అమ్మానాన్నలకు తెలిసిపోతుంటుంది, పైకి అనరంతే.