క్రొత్త కంప్యూటరునకు పాత తెర



గడచిన శ్రావణమాసమున గాజువాకలోని మా చెల్లెలింట నొక చిన్న తీగ మూలమున మూడు దినములు ఎవరికిని అన్నము సరిగా సహింపలేదు. విన్నవారు నవ్వవచ్చును గాని, ఇట్టిది రేపు మన యింటను జరుగవచ్చును గనుక వ్రాయుచున్నాను.

మా మరిదిగారు ఉక్కు కర్మాగారమున పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. కోడలు చంటిబిడ్డ తల్లి. బయటికిపోయి ఉద్యోగము చేయుటకు వీలు లేక, ఇంటనే యుండి యొక కంపెనీకి లెక్కలు చూచు పనిని ఎంతో ప్రయాసపడి సంపాదించుకొన్నది. సోమవారము పనిలో చేరవలయును. పనికొరకు కొన్న క్రొత్త లాప్‌టాప్ తెర పదుమూడంగుళములే. రెండు పద్దుల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడబోయిన అక్షరములు చీమలవలె కానవచ్చును. గంటసేపటికి కన్నులు మండి తలనొప్పి వచ్చును. ఇంటిలో పాత మానిటరొకటి చక్కగా వెలుగుచున్నది గదా, దానిని తగిలించిన సరిపోవునని అందరును తలచిరి.

తగిలించుటకు చూడగా, మానిటరు వెనుక పదునైదు సూదులు పట్టు నీలిరంగు వి.జి.ఎ. అమరిక యొక్కటియే యున్నది. లాప్‌టాప్‌నకో, ప్రక్కల చింతగింజయంతేసి రంధ్రములు రెండు మాత్రమే. వానిని యు.ఎస్‌.బి.-సి అందురు. పట్టణమున నొక దుకాణదారు రెండు ముక్కల తీగ నిచ్చి, ఇది చాలునని పంపెను. తెరపై ‘నో సిగ్నల్’ అను మాట తప్ప మరేమియు రాలేదు. మరునాడు వేరొక దుకాణమున హెచ్చు వెల పెట్టి మరియొకటి తెచ్చిరి. మరల నదే మాట. మానిటరు చచ్చినదని యొకరు, లాప్‌టాప్ లోపమని యొకరు. మా చెల్లెలు, పాపము, ఈ యుద్యోగము ప్రాప్తము లేదేమో యనికూడ అనెను. కోడలు కంట నీరు పెట్టుకొన్నది.

నిజమునకు ఏదియు చెడలేదు. వి.జి.ఎ. పద్ధతిని ఐ.బి.ఎమ్‌. వారు 1987లో తెచ్చిరి. అది చిత్రమును విద్యుత్తుయొక్క హెచ్చుతగ్గులుగా పంపును. 2002లో వెలువడిన హెచ్‌.డి.ఎమ్‌.ఐ., 2006 నాటి డిస్‌ప్లేపోర్ట్ చిత్రమును అంకెలుగా మార్చి పంపును. 2014లో ఏర్పడిన యు.ఎస్‌.బి.-సి గుండ వచ్చు చిత్రమును ఈ రెండవ జాతిదే. నౌపడ స్టేషను నెరిగినవారికి ఇది సులభముగా బోధపడును. అచటినుండి పర్లాకిమిడికి 1900లో వేసిన పట్టాలు పూర్వము వెడల్పున చిన్నవిగా నుండెడివి. మద్రాసు కలకత్తా మార్గము పెద్దది. పట్టాలను చేరువకు తెచ్చినంతమాత్రమున బండి యొకదానినుండి మరియొకదానిపైకి పోదు. సరకును దింపి మరల నెక్కింపవలసి యుండెడిది. అట్లే అంకెలను హెచ్చుతగ్గులుగా మార్చు చిన్న యంత్రము మధ్య నుండవలయును. మొదటి దుకాణదారు ఇచ్చినది వట్టి తీగ. కొనలు రెండును చక్కగా అమరినను లోపల సరకు మార్చు కూలి లేడు.

రెండవదానిలో ఆ యంత్రమున్నది. మరి అదేల పనిచేయలేదు? ఆదివారము రాత్రి కోడలు బిడ్డను ఒడిలో పండుకొనబెట్టుకొని లాప్‌టాప్‌తో వచ్చిన చిన్న పుస్తకమును ఆసాంతము చదివెను. మగవారెవరును దానిని విప్పనైన విప్పలేదు! రంధ్రములు రెండును రూపున నొక్కటియే యైనను, ఎడమవైపుది విద్యుత్తునకును సమాచారమునకును మాత్రమే. చిత్రము కుడివైపు దానినుండియే వెలువడునట. దానిచెంత డి, పి అక్షరములు పెనవేసిన గుర్తు సూక్ష్మముగా నున్నది. కొన్నింట మెరుపు గుర్తుండును.

ఈ రంధ్రములనే పోర్టులందురు. విశాఖవారమైన మనకు ఆ పేరు క్రొత్తగాదు. మన రేవునను 1933లో తెరచిన లోపలి భాగము వేరు, 1976లో వచ్చిన వెలుపలి భాగము వేరు. ఇనుపరాయి మోయు మహానౌకకు లోతైన వెలుపలి రేవే కావలయును. రెండింటి పేరును విశాఖరేవే యైనను ప్రతి యోడయు ప్రతి చోటను నిలువజాలదు.

తీగ కుడివైపునకు మార్చగనే తెర వెలిగెను. అక్షరములు కొంచెము అలికినట్లుండెను. సెట్టింగులలో మానిటరునకు సహజమైన కొలత నిర్ణయించి, మానిటరుమీది ‘ఆటో’ మీట నొక్కగా తేటపడెను. సూదులకు సముద్రపుగాలి చిలుము పట్టియున్నది; దానిని మెల్లగా తుడిచిరి.

క్రొత్త మానిటరు కొనువారికిని చిక్కులు లేకపోలేదు. 4కె తెరకు పాత హెచ్‌.డి.ఎమ్‌.ఐ. 1.4 మార్గమున సెకనునకు 30 చిత్రములకు మించి రావు. మౌసు బాణము ఈడ్చినట్లు కదలును. 60 కావలయునన్న 2.0 గాని అంతకు పైది గాని రెండువైపుల నుండవలయును. ఫోనునకు విద్యుత్తెక్కించు యు.ఎస్‌.బి.-సి తీగలలో పెక్కు చిత్రమును మోయవు. రెండు తెరలు కోరువారు మరింత విచారింపవలయును. ఆపిల్‌వారి మాక్‌బుక్ ఎయిర్‌లలో 2020 నాటి ఎమ్‌1 రకము వెలుపల నొక తెరనే యంగీకరించును. 2024 నాటి ఎమ్‌3 తన మూత మూసినప్పుడు రెంటిని, 2025 నాటి ఎమ్‌4 మూత తెరచియుండగనే రెంటిని నడపును. కనుక దుకాణమునకు పోవుటకు ముందు రెండు వస్తువుల రంధ్రములను ఫొటో తీసికొని, లాప్‌టాప్ రకపు పేరు కాగితముమీద వ్రాసికొనుడు. పనిచేయనిచో తిరిగి తీసికొందురా యని బిల్లు వ్రాయకమునుపే యడుగుడు. వట్టి తీగకు మా వారు పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు.

కోడలు సోమవారము తొమ్మిది గంటలకు పనిలో కూర్చుండెను. సాయంకాలము పని ముగియగానే మా చెల్లెలు ఉప్పుగాలి తగులకుండ ఆ మానిటరుమీద తన పాత నేతచీర ముక్క కప్పుచున్నది.