బొమ్మ బంకు – నిజమైన చూపు

శ్రీశైలం జలాశయమున మునుగనున్న మంచాలకట్ట నుండి మాధవస్వామి ఆలయమును కొల్లాపూరుకు తరలించిరి. పాత కట్టడములన్నిటికీ ఆ భాగ్యము కలుగదు, నమూనాలుగానైనా మిగులవలెను. పూర్వపు పెట్రోలు బంకునే చూడుడు. చేతిపంపుతో పెట్రోలును పైనున్న గాజుపాత్రకెక్కించెడివారు. అది తన బరువుచేతనే బండి ట్యాంకులోనికి దిగెడిది.

1:24 నిష్పత్తిలో 240 సెంటీమీటర్ల పంపు 10 సెంటీమీటర్లగును. ఫొటో తీయునప్పుడు మన కన్నును కూడ భాగింపవలెను! 156 సెంటీమీటర్ల ఎత్తున నుండు కన్ను 6.5కు దిగును. కెమెరా కటకమును అచ్చటనే ఉంచుడు. పైనుండి తీసినచో బొమ్మయే కనబడును. దగ్గరనుండి తీయునప్పుడు ముందువెనుకలు రెండును స్పష్టముగా రావు. కావున కటకరంధ్రమును చిన్నది చేసి, కెమెరాను కదలనీయక, ఎక్కువసేపు వెలుగు సోకనిండు. దగ్గరి దీపపు నీడలు విచ్చుకొనును. ఎండలో సమాంతరముగా పడును.

మీ ఊరి పాత కట్టడమును, అది నిలిచియుండగనే, టేపుతో కొలిచి వ్రాసి ఉంచుకొనుడు.