సంకరపు బాతును గుర్తించుట ఎట్లు?

ఊరిలో తగవు తీర్చు పెద్దలు సాక్షులను విచారింపక తీర్పు చెప్పరు. బాతుల విషయమునను ఆ నియమమే చెల్లునని నేను అరువదియేండ్లు దాటిన పిమ్మట గాని నేర్చుకొనలేదు. ఆ పాఠమును నేడు మీకు విన్నవించెదను.

కొన్నియేండ్ల క్రిందట, కార్తికమాసము చివర, మా యూరి చెరువులో ఒక వింత బాతు కనబడెను. ఒడలంతయు మాసిన గోధుమవన్నె. తలపై అక్కడక్కడ ఆకుపచ్చని మెఱుగు. ప్రక్కలయందు కావిరంగు మరకలు. ఆ దినములలోనే, కోసిన మళ్లలో రాలిన గింజలు మేపుటకై పొరుగూరినుండి ఒకడు బాతులమందను తోలుకొనివచ్చి యుండెను. నేను గట్టున నిలిచి దూరమునుండియే చూచి, “ఇది వీని మందలోని మగబాతునకును, చెరువులోని అడవిబాతునకును పుట్టిన సంకరము” అని నలుగురిలో అంటిని. పంతులు చెప్పిన మాట గదా యని పెద్దలు నమ్మిరి. చెరువులోని జాతి చెడునని యెంచి అతనిని సాగనంపిరి. మేత ముగియకయే అతడు మందను తోలుకొని వెడలిపోయెను.

మాఘమాసమున ఆ బాతే గట్టునకు చేరువగా మేయుచుండగా చూచితిని. ఇప్పుడు తలయంతయు ఆకుపచ్చ, రొమ్ము తెలుపు, ప్రక్కలు కావి. ముక్కు చివర తెడ్డువలె వెడల్పుగా నున్నది! అది ఉత్తరదేశములనుండి ఏటేట మన కొల్లేటికిని, పులికాటునకును, ఊరిచెరువులకును వలసవచ్చు తెడ్డుముక్కు బాతు, అందులోను మగది. సంకరము కానేకాదు.

నేను పొరబడుటకు కారణము వినుడు. పిల్లలు పుట్టు ఋతువు గడచిన పిమ్మట పెక్కుజాతులలో మగబాతులు తమ సింగారపు ఈకలను రాల్చి, ఆడుదానివలె మాసిన వన్నెను తాల్చును. ఆ సమయముననే రెక్కల పెద్ద ఈకలన్నియు ఒక్కమారు రాలిపోవుటచే కొన్నివారములు ఎగురజాలవు. మరల నిండువన్నె వచ్చునంతవఱకు ఒంటిమీద రెండువిధముల ఈకలును కలసి యుండును. అట్టి నడిమి దశలోని బాతును చూచి నేను రెండుజాతుల కలయిక యనుకొంటిని. తర్కశాస్త్రమున పొగను చూచి నిప్పును ఊహింతురు. నిప్పు లేనిచోటను కనబడు గుర్తును దుష్టహేతు వందురు. తలపై పచ్చని మరక అట్టి హేతువే. తర్కము చదివియు దానిని గుర్తింపలేకపోతిని.

అట్లని సంకరములు లేవని కాదు. మన యిండ్ల పెంపుడు బాతులలో దాదాపన్నియు ఉత్తరదేశపు పచ్చతల బాతు సంతతివే. దానిని మల్లార్డు అందురు. మన చెరువులలో ఏడాది పొడుగునను నుండు అడవిబాతు వేఱు. దాని నల్లని ముక్కుకు చివర పసుపును, మొదట రెండు ఎఱ్ఱని చుక్కలును ఉండును గనుక చుక్కమూతి బాతనవచ్చును. ఈ రెండును దగ్గఱి జ్ఞాతులు. కలసినచో పిల్లలు పుట్టును, ఆ పిల్లలకును సంతానము కలుగును. ఇక ముఖమున ఎఱ్ఱని కండబొడిపెలు గల మస్కోవీ బాతు దక్షిణ అమెరికాకు చెందినది. దానికిని పెంపుడు బాతునకును పుట్టినది బలిష్ఠముగా పెరుగును గాని, కంచరగాడిదవలె గొడ్డుపోవును.

కావున వింత బాతు కనబడినపుడు వరుసగా విచారింపవలెను. మొదట ముక్కు రూపమును, ఒడలి పరిమాణమును చూడవలెను. వన్నె మారును గాని ముక్కు ఆకృతి మారదు. రెండవది కాలము. ఆశ్వయుజమునుండి పుష్యమువఱకు మరకల బాతు కనబడినచో ఈకలు మార్చుకొను మగది యనియో, ఎదుగుచున్న పిల్ల యనియో ముందు తలపవలెను. మూడవది రెక్కమీది మెఱుపుపట్టె. ఇది ఋతువుతో మారదు. మల్లార్డునకు ఊదా కలసిన నీలము, చుక్కమూతికి ఆకుపచ్చ. నాలుగవది, ఇరువురు తలిదండ్రులను పేర్కొని, ఏ గుర్తు ఎవరిదో వేఱువేఱుగా చూపగలుగవలెను. పైకి మెలిదిరిగిన నల్లని తోక ఈకలు మల్లార్డు మగవానివి. ముక్కు చివరి పసుపు, కంటిమీదుగా పోవు నల్లగీత చుక్కమూతివి. ఇవి ఒక్క పక్షియందే కనబడినచో సంకరమని చెప్పుటకు ఆధార మేర్పడును. రొమ్మున అడ్డదిడ్డమైన తెల్లమచ్చ యుండినచో పెంపుడు రక్తమును శంకింపవచ్చును. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పరాదు.

ఇది వట్టి వినోదము కాదు. స్పెయిను దేశమున 1977 నాటికి తెల్లతల బాతులు 22 మాత్రమే మిగిలెను. కాపాడగా మరల పెరిగెను. ఇంతలో, 1948లో అమెరికానుండి ఇంగ్లండునకు తెచ్చిన ఎఱ్ఱబాతుల సంతతి తప్పించుకొని వ్యాపించి, స్పెయిను చేరి వానితో జతగూడెను. ఆ సంకరములకును సంతానము కలుగుటచే మూలజాతియే కరగిపోవునని భయపడి, అచ్చటివారు ఎఱ్ఱబాతులను, సంకరములను కాల్చి తొలగించిరి. తెల్లతల బాతు ముక్కు మొదట ఉబ్బి యుండును, ఎఱ్ఱబాతుది అట్లుండదు. తుపాకి పట్టినవాడు ఆ ముక్కును సరిగా చూడనిచో, కాపాడవలసిన పక్షియే నేలగూలును.

మా యూర తుపాకి లేకున్నను, నా మాట ఒకని మేతను పోగొట్టెను. మరుసటి కోతలనాటికి నేనే అతని యూరికి పోయి తప్పు చెప్పుకొంటిని. అతడు నవ్వి, “పంతులుగారూ, ఆనాడు నన్నొక్కమాట అడిగితే ముక్కు చూడండని చెప్పేవాణ్ణి గదండీ” అనెను. పెద్దలతో చెప్పి అతని మందను మరల మా పొలములకు రప్పించితిని. అది మొదలు చెరువున క్రొత్త పక్షి కనబడినచో మొదట అతనినే పిలిపించుచున్నాము.