లైసెన్సు వచ్చేదాకా గోదాము మూయాలా?

అమెరికాలో మద్యం తయారుచేసినవాడు దాన్ని నేరుగా దుకాణదారుకు అమ్ముకోవడం చాలా రాష్ట్రాల్లో కుదరదు. మద్యనిషేధానికి ముందు పెద్ద పెద్ద బీరు కంపెనీలు బార్లకు అప్పులిచ్చి, వాటిని తమ గుప్పిట్లో పెట్టుకునేవి. 1933లో నిషేధం ఎత్తేశాక ఆ పరిస్థితి మళ్లీ రాకూడదని ఇద్దరి మధ్యా హోల్‌సేలర్‌ను నిలబెట్టారు. 17 రాష్ట్రాల్లో కొన్ని రకాల మద్యానికి ప్రభుత్వమే హోల్‌సేలర్. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బేవరేజెస్ కార్పొరేషన్లు చేసేదీ ఇదే పని కాబట్టి లైసెన్సు కోసం గోదాము ఆగిపోయే సమస్య మనకు పెద్దగా తెలియదు. అమెరికాలో మిగతాచోట్ల ఆ పని ప్రైవేటు వ్యాపారులది. వాళ్లకు ఫెడరల్ పర్మిట్టూ కావాలి, రాష్ట్రం లైసెన్సూ కావాలి. దరఖాస్తుదారుకు గత 5 ఏళ్లలో పెద్ద నేరంలో శిక్ష పడిందా, వ్యాపారం నడిపే స్తోమత ఉందా, వెనకున్న సంబంధాలెలాంటివి అని ఫెడరల్ అధికారులు ఆరా తీస్తారు. ఇవి ఒక్కరోజులో తేలేవి కావు. ఈలోగా కంపెనీ చేతులు మారితే గోదాములో సరుకు సంగతేమిటి?

అలాంటి సమయంలో తాత్కాలిక పర్మిట్ ఇవ్వడమే సబబని నా అభిప్రాయం. బార్ కంటే హోల్‌సేలర్‌కే దాని అవసరం ఎక్కువ. ఒక బార్ మూతపడితే తాగేవాడు పక్క వీధికి పోతాడు. బీరు విషయంలో చాలా రాష్ట్రాల్లో ఒక బ్రాండుకు ఒక ప్రాంతమంతటికీ ఒక్కడే హోల్‌సేలర్ ఉంటాడు. అతని లారీలు కదలకపోతే ఆ ప్రాంతంలోని దుకాణాలన్నిటికీ ఆ బ్రాండు అందదు. పాశ్చురైజ్ చేయని డ్రాఫ్ట్ బీరయితే, కెగ్గులో చల్లగా ఉంచినా రెండు నెలలు దాటితే రుచి తప్పుతుంది. ఫైలు కదిలేలోపు సరుకు పారబోయాల్సి వస్తుందన్నమాట.

చట్టం రాసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1935 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కంపెనీ యాజమాన్యం మారితే పాత పర్మిట్ 30 రోజులకు దానంతటదే రద్దవుతుంది. అయితే ఆ గడువులోపు కొత్త యజమాని దరఖాస్తు పెట్టుకుంటే, తుది నిర్ణయం వెలువడేదాకా పాతదే చెల్లుతుంది. కాలిఫోర్నియాలో లైసెన్సు బదిలీ కోరినవారికి 120 రోజుల తాత్కాలిక పర్మిట్ ఇవ్వొచ్చు. తగిన కారణం కనబడితే విచారణతో పని లేకుండా ఎప్పుడైనా దాన్ని తీసేయొచ్చు. ఇలాంటి ఏర్పాటు సిద్ధంగా లేకపోతే ఏమవుతుందో ఢిల్లీ చూసింది. ప్రైవేటు హోల్‌సేలర్లను తెచ్చిన విధానం కింద ఇచ్చిన లైసెన్సులకు 2022 జులై 31తో గడువు తీరింది. నెల పొడిగించాలని సర్కారు అనుకున్నా ఉత్తర్వు ఆలస్యమై, మర్నాడు దుకాణాలు తెరుచుకోలేదు.

ఇది దొడ్డిదారి కాదా అని అడిగేవాళ్లున్నారు. ఒకసారి లోపలికొచ్చినవాణ్ని బయటికి పంపడం కష్టమనీ, ఈలోపు దొంగసరుకు కలిపేస్తాడనీ వాళ్ల భయం. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు, మద్యంలో డబ్బు అలాంటిది. కానీ బదిలీ కేసుల్లో గోదాము పాతదే, లెక్కలు అధికారులకు ఎరుకే, మారింది యజమాని ఒక్కడే. కావాలంటే షరతులు బిగించొచ్చు. న్యూయార్క్‌లో తాత్కాలిక పర్మిట్ మీద నడిచే చిల్లర వ్యాపారికి అరువు పుట్టదు. సరుకు దిగే రోజుకల్లా హోల్‌సేలర్‌కు పైకం ముట్టాల్సిందే. రేపు లైసెన్సు రాకపోయినా బాకీలు మిగలవు. హోల్‌సేలర్‌కూ ఇలాంటి పగ్గాలే వేయొచ్చు.

మునుపెన్నడూ ఈ వ్యాపారంలో లేనివాడు కొత్త గోదాము కట్టి అడిగితే మాత్రం నేను అంత ఉదారంగా ఉండను. అక్కడ ఆగిపోయే సరఫరా ఏదీ లేదు, నష్టమల్లా అతను కట్టే అద్దె. కనీసం నేరచరిత్ర పరిశీలనైనా ముగిశాకే తాత్కాలిక పర్మిట్ ఇవ్వాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అభ్యంతరం మరొకటుంది. ఎలాగూ వ్యాపారం నడుస్తోంది కదా అని ఆఫీసు ఫైలును పక్కన పడేస్తుంది. పొడిగింపు మీద పొడిగింపుతో తాత్కాలికమే శాశ్వతమవుతుంది. అందుకే గడువు వ్యాపారికి మాత్రమే పెడితే చాలదు. ఒక పొడిగింపు దాటాక, ఇంకా ఎందుకు తేల్చలేదో అధికారి రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన పర్మిట్‌లోనే ఉండాలి.