పాత జీపుకు కొత్త బ్రేక్ పైపులు

పాత ఫోర్‌వీల్ జీపులో బ్రేకును నడిపించేది నూనె. డ్రైవరు పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ కదిలి, బ్రేక్ ఆయిల్‌ను సన్నని ఇనుప పైపుల్లోకి నెడుతుంది. మూసి ఉన్న ద్రవం మీద పడిన ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. ఆ ఒత్తిడి చక్రం దగ్గరి వీల్ సిలిండర్‌ను చేరి, బ్రేక్ షూలను డ్రమ్ముకు అదుముతుంది. 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ పద్ధతినే వాడింది. రెండో ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపులోనూ, 1940ల చివర్లో మన దేశంలో ఆ జీపుల కూర్పు మొదలుపెట్టిన మహీంద్రా బండ్లలోనూ ఉన్నది ఇదే ఏర్పాటు.

పాత జీపుల్లో చాలావాటికి నూనె దారి ఒక్కటే. ఇప్పటి బండ్లలో రెండు వేర్వేరు దారులు ఉంటాయి కాబట్టి ఒకటి దెబ్బతిన్నా రెండోది కొంతవరకు బండిని ఆపుతుంది. పాత జీపులో ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. గట్టిగా తొక్కినప్పుడు పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 70 కిలోల దాకా వెళ్లగలదు. పైపు సాధారణంగా తెగేది కూడా అలాంటి క్షణంలోనే, అంటే బ్రేకు అత్యవసరమైనప్పుడే.

వర్ని, రుద్రూర్, బోధన్ ప్రాంతంలో పైపులకు జంగు పట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి. నిజాంసాగర్ కాలువల కింద వరి మడులు, చెరకు తోటల మధ్య దారులు వానాకాలమంతా బురదగానే ఉంటాయి. రేగడి మట్టి ఛాసిస్ మూలల్లో, పైపు క్లిప్పుల వెనుక పేరుకుని రోజుల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. ఎరువుల బస్తాలు మోసే బండికి ముప్పు ఇంకా ఎక్కువ. పొటాష్ ఎరువు స్వభావరీత్యా ఉప్పు లాంటిదే. అది తడితో కలిస్తే ఇనుమును వేగంగా తినేస్తుంది. అందుకే పైకి బాగా కనిపించే పైపు కూడా క్లిప్పు తీసి చూస్తే గుల్లబారి ఉండవచ్చు.

లోపం ముందే కొన్ని గుర్తులు చూపిస్తుంది. పెడల్ మెత్తబడుతుంది, లేదా మెల్లగా నేలదాకా దిగిపోతుంది. ఆయిల్ మట్టం మాటిమాటికీ తగ్గుతుంది. టైరు లోపలి వైపు తడి కనిపిస్తుంది. రబ్బరు హోసులు వేరుగా చూడాల్సినవి. సాధారణంగా ముందు చక్రాలకు ఒక్కొక్కటి, వెనుక యాక్సిల్‌కు ఒకటి ఉంటాయి. వాటి పైపొర మీద పగుళ్లు కనిపిస్తాయి. కొన్నిసార్లు లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతుంది. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు వదలదు, ఆ చక్రం డ్రమ్ము వేడెక్కుతుంది.

పని మొదలుపెట్టే ముందు బండిని సమతలం మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో పాటు స్టాండ్లు కూడా పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. జంగు పట్టిన నట్ల మీద ముందురోజే తుప్పు వదిలించే ఆయిల్ చల్లాలి. మామూలు పానా పెడితే నట్టు అంచులు అరిగిపోతాయి. నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ పానా వాడాలి. తీసిన పాత పైపును పారేయకూడదు. కొత్తదాని పొడవుకూ వంపులకూ అదే నమూనా.

కొత్త పైపుగా రెండు పొరల ఉక్కుది గానీ, రాగి నికెల్ మిశ్రమంతో చేసినది గానీ వాడాలి. పాత జీపుల్లో ఎక్కువగా వాడేది 4.75 మిల్లీమీటర్ల పైపు. ఫ్రిజ్ పనులకు వాడే ఉత్త రాగి పైపు సులువుగా వంగుతుంది కానీ, అదురుకు గట్టిపడి పగులుతుంది. దాన్ని బ్రేకుకు వాడకూడదు. పైపును కట్టర్‌తో కోసి, అంచు నునుపు చేసి, నట్టును ముందే ఎక్కించి, ఆ తర్వాత చివరను ఫ్లేర్ చేయాలి. అంచును రెండు మడతలుగా మడిచే డబుల్ ఫ్లేర్ ఒకటి, గుండ్రంగా ఉబ్బించే బబుల్ ఫ్లేర్ మరొకటి. పాత పైపుకు ఏది ఉంటే కొత్తదానికీ అదే చేయాలి. ఒకదాని చోట మరొకటి బిగిస్తే నూనె కారుతుంది.

పైపును సైలెన్సర్‌కు దూరంగా నడిపి, అదరకుండా క్లిప్పులతో కట్టాలి. హోసులు బిగించాక స్టీరింగ్‌ను ఒక చివర నుంచి మరో చివరకు తిప్పి చూడాలి. హోసు ఎక్కడా లాగకూడదు, టైరుకు రాసుకోకూడదు.

తర్వాత బండికి సూచించిన డాట్ 3 లేదా డాట్ 4 ఆయిల్‌ను కొత్త సీసా నుంచి పోయాలి. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఈ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాజా డాట్ 3 మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. తేమ చేరితే అది 140 డిగ్రీల దాకా పడిపోగలదు. మరిగిన చోట ఆవిరి పుడుతుంది, పెడల్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం మంచిది. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

పైపుల్లోని గాలి తీయడం చివరి మెట్టు. ముందు బ్రేక్ షూలను సరిచేసి, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. కుడి స్టీరింగ్ జీపులో సాధారణంగా అది వెనుక ఎడమ చక్రం. ఒకరు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి అలాగే పట్టి ఉంచాలి. మరొకరు ఆ చక్రం దగ్గర గాలి తీసే నిపుల్‌ను వదులు చేసి, బుడగలతో ఆయిల్ బయటికి వచ్చాక బిగించాలి. బిగించిన తర్వాతే పెడల్ వదలాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, మధ్యమధ్యలో ఆయిల్ నింపుతుండాలి. నాలుగు చక్రాలూ అయ్యాక పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టి, ప్రతి జాయింటూ పొడిగా ఉందో లేదో చూడాలి. తర్వాత ఖాళీ దారిలో నెమ్మదిగా నడిపి పరీక్షించాలి.

పగిలిన పైపు చివరను నొక్కి మూసేసి, మిగతా మూడు చక్రాల బ్రేకుతో నడపడం ప్రాణాలతో చెలగాటం. ఒక పైపు జంగుతో పోయిందంటే, అదే వయసున్న మిగతావీ అదే స్థితిలో ఉంటాయి. ఒకటి మార్చాల్సి వచ్చినప్పుడు పైపులూ హోసులూ అన్నీ కలిపి మార్చించడమే సరైన పని. పాత జీపును ఇష్టంగా కాపాడుకునేవారు రంగు, సీట్ల కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది బ్రేకుల మీదే.