జన్యువుల అదుపాజ్ఞల్లో ఈ.కోలై విషం

మూత్రనాళ ఇన్‌ఫెక్షన్లలో అత్యధిక భాగానికి ఈ.కోలై బ్యాక్టీరియాయే కారణం. పేగుల్లో ఏ హానీ చేయకుండా బతికే జీవి ఇది. అయితే ఈ జాతిలోని కొన్ని రకాలు మూత్రాశయంలోకి చేరతాయి, ఒక్కోసారి అక్కడి నుంచి కిడ్నీలకూ పాకుతాయి. అలా చేరిన చోట కణజాలాన్ని దెబ్బతీయడానికి అవి వాడే ఆయుధాల్లో విషపదార్థాలు ముఖ్యమైనవి.

వీటిలో బాగా పరిశీలించినది ఆల్ఫా హీమోలైసిన్. మూత్రనాళ రోగులలో దొరికే ఈ.కోలై రకాల్లో దాదాపు సగం దీన్ని తయారుచేస్తాయి. రక్తం కలిపిన అగర్ ప్లేటు మీద ఇలాంటి బ్యాక్టీరియాను పెంచితే, మర్నాటికి ప్రతి చుక్క చుట్టూ ఎరుపు విరిగి తేటగా కనిపిస్తుంది. అక్కడి ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయన్నమాట. 1024 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ కణాల పొరకు చిల్లులు పొడుస్తుంది. పగిలిన కణాల నుంచి బ్యాక్టీరియాకు ఇనుము, పోషకాలు అందుతాయి. మోతాదు తక్కువగా ఉన్నా ప్రమాదమే: కణాన్ని చంపకుండానే దాని లోపలి సంకేతాలను తారుమారు చేస్తుంది, మూత్రాశయపు లోపలి పొర కణాలు ఊడిపోయేలా చేస్తుంది.

రెండోది సీఎన్ఎఫ్-1. ఇది కణంలోని రో అనే ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని, అంటే 63వ స్థానంలోని గ్లూటమిన్‌ను, గ్లూటమిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. అవసరమైనప్పుడే పనిచేయాల్సిన రో ఆ తర్వాత ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది. కణం ఆకారం, కదలిక గాడి తప్పుతాయి.

హీమోలైసిన్ తయారీకి సి, ఎ, బి, డి అనే నాలుగు జన్యువులు ఒకే వరుసలో ఉంటాయి. విషం రాత ఎ జన్యువులో ఉంది. సి ఆ విషానికి కొవ్వు ఆమ్లాలు అతికించి పదును పెడుతుంది. బి, డి దాన్ని కణం బయటికి పంపుతాయి. చాలా రకాల్లో సీఎన్ఎఫ్-1 జన్యువు కూడా వీటి పక్కనే ఉంటుంది.

ఈ జన్యువులు అన్నివేళలా పనిచేయవు. విషం తయారీకి శక్తి ఖర్చవుతుంది కాబట్టి, హెచ్-ఎన్ఎస్ అనే ప్రొటీన్ డీఎన్ఏను అంటిపెట్టుకుని వాటిని అణచి ఉంచుతుంది. ఉష్ణోగ్రత వంటి పరిస్థితులు మారినప్పుడు ఆ పట్టు సడలుతుంది. జన్యువుల నకలు మొదలైనా, పొడవైన వరుస చివరిదాకా సాగక మధ్యలోనే ఆగిపోవచ్చు. ఆర్ఎఫ్ఎహెచ్ అనే ప్రొటీన్ నకలు తీసే యంత్రాంగానికి తోడై దాన్ని చివరిదాకా నడిపిస్తుంది. ఈ ప్రొటీన్ లేకుండా చేసిన బ్యాక్టీరియా ఎలుకల్లో రోగం కలిగించే శక్తిని చాలావరకు కోల్పోయింది.

ఈ జన్యువులు బ్యాక్టీరియాకు ఎలా వచ్చాయన్నది 1980లలో జర్మనీలో తేలడం మొదలైంది. యోర్గ్ హాకర్ బృందం 536 అనే రకాన్ని పరిశీలిస్తూ, కొన్ని కణాలు హీమోలైసిన్ తయారీని ఒక్కసారిగా కోల్పోవడం గమనించింది. ఆ కణాల్లో డీఎన్ఏ పెద్ద ముక్కలుగా ఊడిపోయింది. వ్యాధికారక ద్వీపాలని పేరుపడిన ఆ ముక్కలు ఇతర బ్యాక్టీరియా నుంచి వచ్చి చేరినవి. హానిలేని జాతిలో ప్రమాదకరమైన రకాలు పుట్టుకురావడానికి ఇదొక ప్రధాన మార్గం.

యాంటీబయోటిక్స్‌కు లొంగని ఈ.కోలై పెరుగుతున్న కాలంలో ఈ జ్ఞానం చాలా విలువైనది. బ్యాక్టీరియాను చంపే బదులు దాని విషాన్ని, విషాన్ని నడిపే ప్రొటీన్లను అడ్డుకోవడం మీద పరిశోధనలు సాగుతున్నాయి. అలాంటి మందులు అందుబాటులోకి వచ్చేదాకా చికిత్సకు ఆధారం యాంటీబయోటిక్సే. మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుము పైభాగంలో నొప్పి ఉంటే ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి చేరిందేమోనని అనుమానించి వెంటనే డాక్టరును కలవాలి.