లోహోద్ధరణమున విద్యుత్తు

బంగారము వంటి కొన్ని లోహములు మాత్రమే ప్రకృతిలో స్వేచ్ఛగా లభించును. తక్కినవి ఆమ్లజనితోనో గంధకముతోనో కూడి ఖనిజములుగా నుండును. ఆ బంధమును విడదీయుటయే లోహోద్ధరణము. ఇనుము విషయమున ఈ పని బొగ్గు చేయును. కొలిమిలో ఖనిజమందలి ఆమ్లజనిని తాను గ్రహించి ఇనుమును విడిచిపెట్టును. అల్యూమినియము ఆమ్లజనిని అంతకంటె దృఢముగా పట్టుకొని యుండుటచే ఆ కొలిమికి లొంగదు.

అట్టి లోహములకు విద్యుద్విశ్లేషణమే మార్గము. ద్రవరూపమున నున్న లవణములో విద్యుత్తును ప్రసరింపజేసినచో, ధనావేశముగల లోహపు అయానులు ఋణధ్రువమును చేరి, ఎలక్ట్రానులను గ్రహించి లోహమగును. 1807లో హంఫ్రీ డేవీ సోడియమును, పొటాసియమును ఇట్లే వేరుచేసెను.

అల్యూమినియమునకు మరియొక చిక్కు కలదు. దాని లవణమును నీటిలో కరగించి విద్యుత్తును పంపినచో, లోహమునకు బదులు నీటిలోని ఉదజనియే వెలువడును. నీరు లేక అల్యూమినాను కరగింపవలెనన్న 2,000 డిగ్రీలకు పైబడిన వేడిమి కావలెను. 1886లో, యానాము ఫ్రెంచి పాలనలో నున్న కాలమున, ఫ్రాన్సులో పాల్ ఎరూ (మన పాఠ్యపుస్తకములందలి హెరౌల్టు), అమెరికాలో ఛార్లెస్ హాల్ వేర్వేరుగా ఒకే ఉపాయమును కనుగొనిరి. కరిగిన క్రయొలైటులో అల్యూమినా సుమారు 950 డిగ్రీలకే కరగిపోవును. అడుగున లోహము చేరును. బొగ్గుతో చేసిన ధనధ్రువము ఆమ్లజనితో కలిసి క్రమముగా కాలిపోవును.

జింకు మాత్రము నీటి ద్రావణమునుండియే లభించును. జింకుపై ఉదజని వెలువడుటకు అదనపు వోల్టేజి కావలసియుండుటయే కారణము. ద్రావణమున కొన్ని మాలిన్యములు లేశమాత్రముగా నున్నను ఈ అనుకూలము పోవును. కనుక శుద్ధి ముఖ్యము. విశాఖపట్టణమున హిందూస్థాన్ జింక్ కర్మాగారము 1977లో ఈ పద్ధతినే చేపట్టి, 2012లో మూతపడెను.

ఫారడే నియమము ప్రకారము 32.7 గ్రాముల జింకు నిచ్చు విద్యుత్తు 9 గ్రాముల అల్యూమినియమునే యిచ్చును. ఒక టన్ను అల్యూమినియమునకు సుమారు 4 టన్నుల బాక్సైటు, 14,000 యూనిట్ల విద్యుత్తు వ్యయమగును. మన విశాఖ మన్యపు కొండలలో బాక్సైటు సమృద్ధిగా కలదు; కాని అవి గిరిజనుల నివాసభూములు, ఏరుల పుట్టినిండ్లు. షెడ్యూల్డు ప్రాంతములందలి ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సమతా వ్యాజ్యమున సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది.

పాత అల్యూమినియమును కరగించి మరల వాడుటకు, క్రొత్తదానికి కావలసిన శక్తిలో సుమారు 5 శాతము చాలును. ఆమ్లజనినుండి విడదీయు శ్రమ ఒకసారి జరిగిపోయినదే కదా! కావున సొట్టపడిన గిన్నెను పారవేయక పాతసామానుల వానికిచ్చుట కొండను, కరెంటును కాపాడుటయే యగును.